నడుము వాతానికీ గుండెపోటుకీ లంకె ఎంత? యాంకైలోజింగ్ స్పాండిలైటిస్ లెక్కలు విప్పి చూస్తే

ముప్పై దాటని కుర్రాడు నెలల తరబడి నడుం నొప్పితో తిరిగి తిరిగి, చివరికి ఎమ్మారై తీయించుకుంటే యాంకైలోజింగ్ స్పాండిలైటిస్ అని తేలుతుంది. ఇంటికొచ్చి ఫోన్లో ఆ పేరు కొట్టి చూస్తాడు. నాలుగైదు లైన్లు కిందికి వెళ్లేసరికి "గుండెపోటు ముప్పు ఎక్కువ" అని కనిపిస్తుంది. ఇంకేం, ఆ రాత్రికి నిద్ర ఉండదు. అసలే చిన్న వయసులో గుండెపోటుతో కుప్పకూలినవాళ్ల వార్తలు రోజూ చూస్తున్నాం. ఇంట్లోవాళ్లేమో "నడుముకీ గుండెకీ సంబంధమేంట్రా, అన్నీ నెట్‌లో చదివి టెన్షన్ పడతావు" అని కొట్టిపారేస్తారు.

ఇద్దరి మాటలోనూ సగం నిజం ఉంది. లంకె ఉన్నమాట వాస్తవమే, పరిశోధకులు దాన్ని కొలిచారు కూడా. అయితే దాని సైజు ఆ రాత్రి నిద్ర చెడగొట్టుకునేంత పెద్దది కాదు, పైగా అది ఒకే దారిలో రాదు. కొంత జబ్బు నుంచి, కొంత మందుల నుంచి, కొంత బీపీ, సిగరెట్, కదలకపోవడం నుంచి వస్తుంది. వీటన్నిటినీ కలిపి ఒకచోట చూసేవాళ్లు లేకపోవడం వల్ల జరిగే నష్టం కూడా తక్కువేం కాదని నా అభిప్రాయం. కీళ్ల డాక్టర్ కీళ్లు చూస్తారు, గుండె డాక్టర్ దగ్గరికి ముప్పై ఏళ్లవాళ్లు వెళ్లరు.

## ఇది మెడ అరుగుదల గురించి కాదు

మన దగ్గర స్పాండిలైటిస్ అనగానే మెడకు కాలర్ పట్టీ గుర్తొస్తుంది. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చుని మెడ పట్టేసినవాళ్లు, వయసు మీద పడి వెన్నుపూసలు అరిగినవాళ్లు "నాకు స్పాండిలైటిస్" అంటే అది చాలావరకు స్పాండిలోసిస్, అంటే అరుగుదల. మీది అదే అయితే కింద చెప్పే లెక్కలేవీ మీకు వర్తించవు.

ఇక్కడ మాట్లాడుతున్నది ఇమ్యూన్ వ్యవస్థ తప్పుదారి పట్టి వచ్చే వాతం. వెన్ను చివర, కటి ఎముకల దగ్గర రెండుపక్కలా ఉండే సాక్రోఇలియాక్ కీళ్లలో మొదలవుతుంది, సాధారణంగా 45 ఏళ్లలోపే. ఎక్స్‌రేలో మార్పులు కనబడే దశను యాంకైలోజింగ్ స్పాండిలైటిస్ అంటారు. ఎక్స్‌రేలో ఇంకా ఏమీ తెలియని దశను కూడా కలిపితే యాక్సియల్ స్పాండిలోఆర్థ్రైటిస్ అనే పెద్ద గొడుగు. ఇకమీదట దీన్ని ఏఎస్ అందాం.

దీని నొప్పి తీరే వేరు. మామూలు నడుం నొప్పి పడుకుంటే తగ్గుతుంది, ఇది పడుకుంటే పెరుగుతుంది. తెల్లవారుజామున మెలకువ తెప్పిస్తుంది, లేచాక అరగంట, గంట నడుం కర్రలా బిగుసుకుని ఉంటుంది, నాలుగడుగులు వేస్తే సడలుతుంది. హెచ్‌ఎల్‌ఏ-బీ27 అనే జన్యువుతో దీనికి సంబంధం ఉందని 1973లో బయటపడింది, అయితే ఆ జన్యువు ఉన్నవాళ్లలో ఎక్కువమందికి ఈ జబ్బు ఎప్పటికీ రాదు.

లక్షణాలు మొదలైనప్పటి నుంచి జబ్బు పేరు తెలిసేవరకు ప్రపంచవ్యాప్తంగా సగటున ఆరేడేళ్లు పడుతోందని అధ్యయనాలను గుదిగుచ్చి చూసినప్పుడు తేలింది. ఈ ఆరేడేళ్లు ఆ మనిషి ఊరికే ఉండడు కదా. మెడికల్ షాపుకెళ్లి "అన్నా, నొప్పి బిళ్ల ఇవ్వు" అంటాడు, మరీ ఎక్కువైతే ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుంటాడు. గుండె కథలో ఆ బిళ్లకీ ఆ సూదికీ కూడా పాత్ర ఉంది.

## గుండెకు తగిలే దెబ్బలు రెండు రకాలు, ఒకదానికొకటి సంబంధం లేదు

నెట్‌లో చదివేవాళ్లు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే. ఏఎస్ గుండెను తాకుతుందని డాక్టర్లకు పూర్వం నుంచీ తెలుసు, అయితే అప్పటి మాట రక్తనాళాల్లో పూడిక గురించి కాదు. గుండె నుంచి బయల్దేరే బృహద్ధమని మొదట్లో ఇన్‌ఫ్లమేషన్ (ఇమ్యూన్ వ్యవస్థ రేపే వాపు, మంట) వచ్చి అక్కడి కవాటం సరిగ్గా మూసుకోక రక్తం వెనక్కి కారడం ఒకటి, గుండెకు విద్యుత్ సంకేతాలు పంపే తీగల్లాంటి కణజాలం దెబ్బతిని హార్ట్ బ్లాక్ రావడం ఇంకొకటి. ఇవి ఏఎస్ స్వయంగా చేసే పనులు. కొద్దిమందికే వస్తాయి, ఎక్కువగా జబ్బు ఏళ్ల తరబడి ముదిరాక. ఎకో, ఈసీజీతో బయటపడతాయి.

రెండోది అథెరోస్‌క్లెరోసిస్. మనం మామూలుగా "రక్తనాళాల్లో పూడికలు" అనేది ఇదే, గుండెపోటుకూ ఎక్కువ రకాల పక్షవాతానికీ మూలం ఇదే. ఇది ఏఎస్ సొంత ఆస్తి కాదు, అందరికీ వచ్చేదే. ఏఎస్ ఉన్నవాళ్లకి అది ఎక్కువగా, తొందరగా వస్తుందా అన్నదే ప్రశ్న. ఈ వ్యాసం మిగతా భాగమంతా దాని గురించే.

## పూడికలో ఇన్‌ఫ్లమేషన్ పాత్ర ఏమిటి

పూడిక అనగానే పైపు లోపల కొవ్వు అట్టకట్టడం లాంటిదేదో ఊహించుకుంటాం, అది సరైన బొమ్మ కాదు. వానాకాలం చెమ్మ పట్టిన గోడను చూడండి, నీరు గోడ లోపలికి దిగి సున్నం పొర కింద నుంచి ఉబ్బుతుంది, ఒకరోజు పెచ్చు ఊడి పడుతుంది. ధమనిలో జరిగేది దానికి దగ్గర. ఎల్‌డీఎల్ అనే చెడు కొలెస్ట్రాల్ ధమని గోడ లోపలికి దూరుతుంది, దాన్ని తినడానికి తెల్ల రక్తకణాలు వస్తాయి, తిని తిని నురగలా ఉబ్బిపోతాయి, లోపల ముద్ద పెరుగుతుంది. ఆ ముద్ద మీది పొర పలచబడి చిట్లితే అక్కడ రక్తం గడ్డకట్టి దారి మూసేస్తుంది. అదే గుండెపోటు.

ఇందులో ఇన్‌ఫ్లమేషన్ ప్రతి మెట్టు దగ్గరా ఉంటుంది. టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-6 లాంటి రసాయనాలు రక్తంలో ఎక్కువగా తిరుగుతుంటే ధమని లోపలి పొర జిగటగా మారి తెల్లకణాలను పట్టుకుంటుంది, ముద్ద మీది పొర బలహీనపడుతుంది. ఏఎస్‌లో ఈ రసాయనాలు ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటాయి కాబట్టి ధమనులు తొందరగా చెడిపోవాలి అన్నది సిద్ధాంతం. మెడ దగ్గరి కెరోటిడ్ ధమనిని అల్ట్రాసౌండ్‌తో చూసిన చాలా అధ్యయనాల్లో ఏఎస్ ఉన్నవాళ్ల ధమని గోడ సగటున కాస్త మందంగా కనిపించింది కూడా.

సిద్ధాంతం బాగుంది. ఇన్‌ఫ్లమేషన్ తగ్గిస్తే గుండెపోట్లు నిజంగా తగ్గుతాయా? దీన్ని నేరుగా పరీక్షించిన పెద్ద ట్రయల్ కాంటోస్. 2017లో ఫలితాలు వచ్చాయి. అప్పటికే ఒకసారి గుండెపోటు వచ్చి, రక్తంలో సీఆర్‌పీ (ఇన్‌ఫ్లమేషన్ ఎంతుందో చెప్పే ప్రొటీన్) ఎక్కువగా ఉన్న పదివేల మందికి పైగా ఇందులో ఉన్నారు. ఇంటర్‌ల్యూకిన్-1బీటాను అడ్డుకునే కానకినుమాబ్ ఇంజెక్షన్ ఇస్తే, మధ్యరకం డోసులో గుండెపోటు, పక్షవాతం, గుండె జబ్బు మరణాలు కలిపి 15 శాతం తగ్గాయి. కొలెస్ట్రాల్ మాత్రం కదల్లేదు. అంటే కొలెస్ట్రాల్‌ను ముట్టుకోకుండా ఇన్‌ఫ్లమేషన్ ఒక్కదాన్ని తగ్గించినా లాభం ఉందన్నమాట. కాకపోతే ప్రాణాంతక ఇన్‌ఫెక్షన్లు కొద్దిగా పెరిగాయి.

ఆ తర్వాత సర్ట్ అనే ట్రయల్‌లో కీళ్లవాతానికి వాడే మెథోట్రెక్సేట్ తక్కువ డోసులో ఇచ్చి చూశారు. ఏమీ తగ్గలేదు. గౌట్‌కు వాడే కాల్చిసిన్ 2019లో, 2020లో రెండు ట్రయల్స్‌లో మంచి ఫలితం చూపించింది, 2024లో ఇంకో పెద్ద ట్రయల్‌లో చూపించలేదు. దీన్నిబట్టి ఇన్‌ఫ్లమేషన్ అనేది ఒక్క కుళాయి తిప్పితే ఆగిపోయే వ్యవహారం కాదని అర్థమవుతోంది, ఏ దారిని మూస్తున్నామన్నది ముఖ్యం. ఏఎస్‌లో ప్రధాన పాత్రధారులు టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-17. గుండె జబ్బుతో ఎక్కువగా ముడిపడ్డ ఇంటర్‌ల్యూకిన్-6ను అడ్డుకునే మందులు చేతుల, కాళ్ల కీళ్లను పట్టే రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ అనే వాతంలో బ్రహ్మాండంగా పనిచేశాయి, ఏఎస్ మీద ట్రయల్ చేస్తే వెన్ను నొప్పి విషయంలో చతికిలబడ్డాయి. అందుకే రుమటాయిడ్‌లో కనిపించిన గుండె లెక్కలను ఎత్తుకొచ్చి ఏఎస్‌కి అతికించడం నాకు సబబుగా అనిపించదు, నెట్‌లో చాలాచోట్ల జరిగేది అదే. పైగా ఏఎస్ ఉన్నవాళ్లలో చాలామందికి జబ్బు చురుగ్గా ఉన్నా సీఆర్‌పీ నార్మల్‌గానే వస్తుంది.

## ఒకటిన్నర రెట్లు అంటే ఎంతమందికి?

ఈ విషయంలో ఎక్కువగా ఉదహరించే అధ్యయనం కెనడాలోని ఒంటారియో నుంచి 2015లో వచ్చింది. ఏఎస్ ఉన్న 21 వేల పైచిలుకు మందిని, లేని 86 వేల పైచిలుకు మందితో పోల్చారు. గుండె, రక్తనాళాల జబ్బులతో మరణించే ముప్పు ఏఎస్ ఉన్నవాళ్లలో 1.36 రెట్లు ఉంది. మగవాళ్లలో 1.46, ఆడవాళ్లలో 1.24, అయితే ఆడవాళ్ల అంకె యాదృచ్ఛికం అయ్యే అవకాశాన్ని కొట్టిపారేయలేం. అదే ఏడాది ఫ్రాన్స్ పరిశోధకులు అప్పటివరకు వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి లెక్కేస్తే గుండెపోటుకు సుమారు 1.6, పక్షవాతానికి 1.5 వచ్చింది.

"36 శాతం ఎక్కువ" అని హెడ్డింగ్ పెడితే గుండె గుభేల్‌మంటుంది. దేనికి 36 శాతం అన్నది అసలు సంగతి. ఒక ఊహా లెక్క వేద్దాం, సులువు కోసం ఒకటిన్నర రెట్లు అనుకుందాం.

32 ఏళ్ల మనిషి, సిగరెట్ లేదు, బీపీ లేదు. ఇలాంటివాళ్లు వెయ్యి మందిలో వచ్చే పదేళ్లలో 10 మందికి గుండెపోటో పక్షవాతమో వస్తుందనుకోండి. ఏఎస్ ఉంటే ఆ 10 కాస్తా 15 అవుతుంది. వెయ్యికి ఐదుగురు ఎక్కువ.

58 ఏళ్ల మనిషి, సిగరెట్ ఉంది, బీపీ ఉంది. ఇలాంటివాళ్లు వెయ్యి మందిలో 200 మందికి వస్తుందనుకుంటే, ఏఎస్ తోడైతే 300. వంద మంది ఎక్కువ.

రెండుచోట్లా గుణకం ఒకటే, ఫలితంలో ఇరవై రెట్ల తేడా. ఇప్పుడు ఆ 58 ఏళ్ల మనిషి సిగరెట్ మానేసి, బీపీ అదుపులో పెట్టుకుంటే అతని మూల ముప్పు వెయ్యికి 120కి దిగిందనుకుందాం. ఏఎస్‌తో కలిపినా 180. అంటే ఏఎస్ లేకుండా సిగరెట్ తాగుతూ ఉన్నప్పటి 200 కంటే కూడా తక్కువ! ఇవి నేను వివరణ కోసం వేసుకున్న అంకెలే, కానీ లెక్క తీరు ఇంతే. ఏఎస్ ఒక గుణకం, దాన్ని దేనితో గుణిస్తున్నామో దాని మీదే అంతా ఆధారపడి ఉంటుంది.

దీనికి ఎదురువాదన కూడా బలమైనదే. పదేళ్ల లెక్క చిన్నవాళ్లను మభ్యపెడుతుంది. ఇరవై ఐదేళ్లకు జబ్బు మొదలైతే అరవై నాటికి ముప్పై ఐదేళ్ల ఇన్‌ఫ్లమేషన్ ఆ ధమనుల మీదుగా పోయి ఉంటుంది. ఇప్పుడు వెయ్యికి ఐదే కదా అని వదిలేస్తే, ఆ ఐదు కాస్తా రేపు వంద అయ్యేది ఇప్పుడు పట్టించుకోని బీపీ వల్లే అంటారు ఈ వాదన చేసేవాళ్లు.

## అధ్యయనాలు ఒకదానితో ఒకటి ఎందుకు పొసగవు

బ్రిటన్‌లోని వేల్స్ నుంచి 2012లో వచ్చిన అధ్యయనం ఏఎస్ ఉన్నవాళ్లలో గుండెపోటు, పక్షవాతం స్పష్టంగా పెరిగినట్టు కనబడలేదంది. అదే అధ్యయనంలో బీపీ, షుగర్ మాత్రం ఏఎస్ ఉన్నవాళ్లలో ఎక్కువగా ఉన్నాయి. మరి ఎవరిది నిజం?

ఒక కారణం సంఖ్య. వేల్స్‌లో ఏఎస్ ఉన్నవాళ్లు రెండు వేల లోపే, అంత చిన్న గుంపులో 1.3 రెట్ల తేడా ఉన్నా స్పష్టంగా పట్టుకోవడం కష్టం. ఇంకో కారణం, నాకు ఆసక్తిగా అనిపించేది, బీపీని లెక్కలో ఎలా తీసుకుంటారన్నది. పరిశోధకులు రెండు గుంపులను పోల్చేటప్పుడు "ఇద్దరికీ బీపీ ఒకేలా ఉంటే తేడా ఎంత?" అని సవరించి చూస్తారు. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ ఏఎస్ ఉన్న మనిషికి నొప్పి, నొప్పికి బిళ్లలు, బిళ్లల వల్ల బీపీ, బీపీ వల్ల గుండెపోటు అనే వరుస ఉందనుకోండి. బీపీని సవరించి తీసేస్తే ఆ వరుసలో ఒక లింకు తెగిపోతుంది, ఏఎస్ అమాయకంగా కనిపిస్తుంది.

నిజానికి ఇక్కడున్నవి రెండు వేర్వేరు ప్రశ్నలు. జబ్బు నేరుగా ధమనిని పాడుచేస్తుందా అన్నది శాస్త్రవేత్త ప్రశ్న. ఏ దారిలో అయితేనేం, ఈ జబ్బు ఉన్న నాకు మొత్తంమీద ముప్పు ఎంత అన్నది రోగి ప్రశ్న. మొదటిదానికి ఇంకా వాదనలు నడుస్తున్నాయి. రెండోదానికి జవాబు మాత్రం చాలావరకు ఒకే దిక్కు చూపిస్తోంది, కాస్త ఎక్కువే అని. 22 దేశాల్లో ఏఎస్ కుటుంబానికి చెందిన జబ్బులున్న దాదాపు నాలుగు వేల మందిని 2016 నాటి ఒక సర్వేలో చూస్తే 34 శాతానికి బీపీ, 27 శాతానికి కొలెస్ట్రాల్ ఎక్కువ, 29 శాతం పొగతాగేవాళ్లు. ఇవి మనం కొలవగలిగేవి, మార్చగలిగేవి.

## కొలెస్ట్రాల్ రిపోర్టు చేసే మోసం

ఏఎస్ బాగా చురుగ్గా ఉన్నప్పుడు లిపిడ్ ప్రొఫైల్ చేయిస్తే రిపోర్టు ముచ్చటగా వస్తుంది. సీఆర్‌పీ 40, మొత్తం కొలెస్ట్రాల్ 150, ఎల్‌డీఎల్ 90, హెచ్‌డీఎల్ 30, ట్రైగ్లిజరైడ్లు 150 అనుకుందాం. 150 అంటే చాలా బాగుందని ఫైలు మూసేస్తారు.

ఆర్నెల్లు మంచి వైద్యం జరిగి సీఆర్‌పీ 4కు దిగింది, నడుం తేలికైంది. మళ్లీ చేయిస్తే మొత్తం 180, ఎల్‌డీఎల్ 108, హెచ్‌డీఎల్ 42, ట్రైగ్లిజరైడ్లు అంతే. "ఈ మందు వల్ల కొలెస్ట్రాల్ పెరిగింది, మానేస్తా" అనేవాళ్లు ఇక్కడే తయారవుతారు.

ఇన్‌ఫ్లమేషన్ ఎక్కువగా ఉన్నప్పుడు శరీరం కొలెస్ట్రాల్ రకాలన్నిటినీ కిందికి లాగుతుంది, మంచిదైన హెచ్‌డీఎల్‌ను కూడా. జబ్బు తగ్గితే అవి మామూలు స్థాయికి తిరిగి వస్తాయి. మొత్తం కొలెస్ట్రాల్‌ను హెచ్‌డీఎల్‌తో భాగించి చూడండి. మొదటి రిపోర్టులో 5, రెండోదాంట్లో 4.3. అంకెలు పెరిగాయి, నిష్పత్తి మెరుగుపడింది. అంకెకు మించి నాణ్యత సంగతి కూడా ఉంది. చురుకైన ఏఎస్‌లో హెచ్‌డీఎల్ రేణువులకు సీరం అమైలాయిడ్-ఏ అనే ప్రొటీన్ అంటుకుని అవి తమ పని సరిగ్గా చేయలేవని, ఎటానర్‌సెప్ట్ ఇచ్చాక అది తగ్గిందని డచ్ పరిశోధకులు చూపించారు. జబ్బు నిలకడగా ఉన్నప్పుడే లిపిడ్లు కొలవాలని యూరప్ కీళ్లవైద్య సంఘం యులార్ తన సిఫార్సుల్లో రాసుకున్నదీ ఇందుకే.

## నొప్పి బిళ్ల గుండెకు శత్రువా, మిత్రుడా?

అసలు చిక్కు ఇక్కడుంది. ఏఎస్‌కి మొదటి వరుస మందు నొప్పి బిళ్లలే: నాప్రోక్సెన్, ఇండోమెథాసిన్, ఎటోరికాక్సిబ్, డైక్లోఫెనాక్ వగైరా. వీటిని కలిపి ఎన్‌సెయిడ్స్ అంటారు. ఈ జబ్బులో అవి నొప్పిని మరిపించడమే కాదు, ఇన్‌ఫ్లమేషన్‌నూ తగ్గిస్తాయి. కొందరికి ఏళ్ల తరబడి, పూర్తి డోసులో కావాల్సి వస్తుంది.

ఇదే రకం మందుల్లో రోఫెకాక్సిబ్‌ను గుండెపోట్లు పెరుగుతున్నాయని 2004 సెప్టెంబర్‌లో కంపెనీయే ప్రపంచమంతటా మార్కెట్ నుంచి వెనక్కి తీసుకుంది. 2013లో వందల ట్రయల్స్‌ను కలిపి చూసిన విశ్లేషణలో కాక్సిబ్‌లూ (రోఫెకాక్సిబ్, ఎటోరికాక్సిబ్ లాంటివి) డైక్లోఫెనాక్ పెద్ద డోసుల్లో గుండె, రక్తనాళాల ప్రమాదాలను సుమారు మూడో వంతు పెంచాయి. వెయ్యి మంది ఏడాది వాడితే ముగ్గురికి ఎక్కువగా ప్రమాదం, అందులో ఒకటి మరణం. నాప్రోక్సెన్‌తో అలాంటి పెరుగుదల కనబడలేదు. 2016లో ప్రెసిషన్ ట్రయల్ మాత్రం మితమైన డోసులో సెలెకాక్సిబ్ గుండె విషయంలో ఐబుప్రొఫెన్, నాప్రోక్సెన్‌ల కంటే చెడ్డదేమీ కాదని చెప్పింది. ఈ ట్రయల్స్‌లో ఉన్నవాళ్లు ఎక్కువగా అరుగుదల, రుమటాయిడ్ జబ్బులవాళ్లు, ఏఎస్ వాళ్లు కాదు.

ఇక ఒంటారియో అధ్యయనం దగ్గరికి వస్తే కథ తిరగబడుతుంది. 65 దాటిన ఏఎస్ రోగుల్లో నొప్పి బిళ్లలు వాడనివాళ్లకే రక్తనాళ మరణాలు ఎక్కువ!

దీన్ని రెండు రకాలుగా చదవొచ్చు. ఏఎస్‌లో ఈ మందులు ఇన్‌ఫ్లమేషన్ తగ్గించి, మనిషిని లేచి తిరిగేలా చేసి, తమ హానిని తామే పూడ్చేస్తున్నాయి అన్నది ఒకటి. రెండోది అంత తీయగా ఉండదు. డెబ్బై ఏళ్ల మనిషికి కిడ్నీలు దెబ్బతిని, గుండె బలహీనంగా ఉంటే ఏ డాక్టరూ ఎన్‌సెయిడ్స్ రాయరు. గట్టిగా ఉన్నవాళ్లకే రాస్తారు. అలాంటప్పుడు బిళ్లలు వాడనివాళ్ల గుంపులో ముందే జబ్బుపడ్డవాళ్లు పోగవుతారు, వాళ్లలో మరణాలు ఎక్కువ ఉండటంలో వింతేముంది? రికార్డులు తిరగేసి చేసే అధ్యయనం ఈ రెండిటినీ పూర్తిగా విడదీయలేదు. నేనైతే రెండో వివరణ వైపు కొంచెం ఎక్కువ మొగ్గుతాను, అలాగని మొదటిదాన్ని కొట్టిపారేయలేను.

వాదన లేని సంగతి ఒకటుంది. ఈ బిళ్లలు కిడ్నీల్లో ఉప్పునూ నీటినీ పట్టి ఉంచి బీపీ పెంచుతాయి, కొన్ని రకాల బీపీ మందుల పనిని తగ్గిస్తాయి. బీపీ అదుపులో లేనివాళ్లకు ఎటోరికాక్సిబ్ వాడకూడదని యూరప్ మందుల సంస్థ హెచ్చరికే ఉంది. పూట పూటకీ ఊరగాయ పడాల్సిన మన కంచానికి ఆ ఉప్పు సంగతి ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు. గుండె కోసం చిన్న డోసు ఆస్పిరిన్ వేసుకునేవాళ్లలో ఐబుప్రొఫెన్ ఆ ఆస్పిరిన్‌కు అడ్డుపడగలదని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2006లోనే చెప్పింది.

మన మెడికల్ షాపుల్లో ఇంకో మెలిక ఉంది. స్ట్రిప్పు తిప్పి వెనక సన్న అక్షరాలు చదివితే ఏసిక్లోఫెనాక్, పారాసిటమాల్, సెరాషియోపెప్టిడేజ్ అని మూడు పేర్లు ఒకే బిళ్లలో ఉంటాయి. డాక్టర్ రాసిన డైక్లోఫెనాక్ పొద్దున పడుతుంది, షాపులో ఇచ్చిన ఈ మూడు కలిసిన బిళ్ల సాయంత్రం పడుతుంది. బ్రాండ్లు వేరు కాబట్టి మందులు వేరని అనుకుంటాడు, శరీరంలో మాత్రం ఒకే జాతి మందు రెట్టింపు. పైన చెప్పిన అధ్యయనాల్లో ఇలాంటి వాడకం ఎక్కడా లెక్కకెక్కదు. ఊళ్లో వేసే సూదుల్లో చాలాసార్లు స్టెరాయిడ్ కూడా ఉంటుంది. బీపీ, షుగర్, బరువు మూడూ పెంచే స్టెరాయిడ్లను వెన్ను వాతానికి దీర్ఘకాలం ఇవ్వొద్దనే అంతర్జాతీయ సిఫార్సులు చెబుతున్నాయి.

## ఖరీదైన మందులు గుండెను కాపాడతాయా

బిళ్లలతో లొంగకపోతే టీఎన్‌ఎఫ్‌ను అడ్డుకునే అడాలిముమాబ్, ఎటానర్‌సెప్ట్ లాంటి ఇంజెక్షన్లు, ఇంటర్‌ల్యూకిన్-17ను అడ్డుకునే సెకుకినుమాబ్ ఉన్నాయి. టీఎన్‌ఎఫ్ మందులు వాడినవాళ్లలో ధమనుల పనితీరు మెరుగుపడిందని చిన్న అధ్యయనాలు చెప్పాయి. గుండెపోట్లు తగ్గాయా అన్నది ఏఎస్‌లో ట్రయల్ పెట్టి తేల్చిన విషయం కాదు, రికార్డుల నుంచి వస్తున్న ఆశ. గుండె వైఫల్యం ముదిరినవాళ్లకు ఈ మందుల విషయంలో జాగ్రత్త అవసరమన్నది వేరే సంగతి.

ఇన్‌ఫ్లమేషన్ సంకేతాలను కణం లోపలే అడ్డుకునే జాక్ ఇన్హిబిటర్ల దగ్గర గొడవ ఎక్కువ. వీటిలో ఒకటైన టోఫాసిటినిబ్ బిళ్ల రూపంలో దొరుకుతుంది, జనరిక్‌లు వచ్చాక మన దేశంలో ఇంజెక్షన్ల కంటే చాలా చవక, అందుకే వాడకమూ పెరిగింది. 2022లో అచ్చయిన ఓరల్ సర్వైలెన్స్ ట్రయల్‌లో దీన్ని టీఎన్‌ఎఫ్ మందులతో పోల్చారు. గుండెపోటు, పక్షవాతం లాంటివి టోఫాసిటినిబ్ గుంపులో 3.4 శాతం, టీఎన్‌ఎఫ్ గుంపులో 2.5 శాతం. వెయ్యికి 34, 25. ఎఫ్‌డీఏ 2021లోనే గట్టి హెచ్చరిక జోడించింది. విచిత్రంగా అదే ఏడాది డిసెంబర్‌లో ఏఎస్‌కి అదే మందును అనుమతించింది, టీఎన్‌ఎఫ్ మందులు పనిచేయనివాళ్లకు మాత్రమే అన్న షరతుతో.

ఆ ట్రయల్‌లో ఉన్నవాళ్లంతా రుమటాయిడ్ రోగులు, 50 దాటినవాళ్లు, కనీసం ఒక గుండె జబ్బు కారణం ముందే ఉన్నవాళ్లు. 28 ఏళ్ల ఏఎస్ కుర్రాడికి ఆ తొమ్మిది మంది తేడాను యథాతథంగా అంటగట్టలేం. పైగా అందులో ఉత్తుత్తి మందు గుంపు లేదు. కాబట్టి టోఫాసిటినిబ్ ముప్పు పెంచిందా, లేక టీఎన్‌ఎఫ్ మందులు ముప్పు తగ్గించాయా అన్నది ఆ అంకెల్లోంచి తేలదు. రెండు వర్గాలూ తమకు నచ్చినట్టు చదువుకుంటున్నాయి.

## ముప్పు లెక్కగట్టే పట్టికల్లో ఏఎస్‌కి చోటు లేదు

బ్రిటన్‌లో పదేళ్ల గుండె ముప్పు అంచనాకు డాక్టర్లు వాడే క్యూరిస్క్-3 లెక్కలో రుమటాయిడ్‌కు ఒక గడి ఉంది, లూపస్ అనే ఇంకో ఇమ్యూన్ జబ్బుకు ఉంది, స్టెరాయిడ్ బిళ్లలకు ఉంది. ఏఎస్‌కి లేదు. అక్కడ స్థిరపడ్డ తెలుగువాళ్లకు ఆ లెక్కలో 'ఇండియన్' అన్న గడి వల్ల అంకె కొంత పెరుగుతుంది తప్ప వెన్ను వాతం వల్ల పెరగదు. యులార్ 2017లో ఇచ్చిన సిఫార్సుల్లో రుమటాయిడ్ ఉంటే వచ్చిన అంకెను 1.5తో గుణించమంది, ఏఎస్‌కి గుణకం ఇవ్వలేదు, కనీసం ఐదేళ్లకోసారి ముప్పు లెక్కేయమని మాత్రం చెప్పింది. అమెరికా 2018 కొలెస్ట్రాల్ మార్గదర్శకాలు వేరే పద్ధతి ఎంచుకున్నాయి. గుణకం ఏదీ లేకుండా దీర్ఘకాలిక ఇన్‌ఫ్లమేషన్ జబ్బులనూ, దక్షిణాసియా మూలాలనూ ముప్పు పెంచే అంశాలుగా పక్కపక్కనే పెట్టాయి. అమెరికాలో ఏఎస్ ఉన్న తెలుగు మనిషికి రెండు టిక్కులూ పడతాయి.

ఆ దక్షిణాసియా టిక్కు ఊరికే పెట్టింది కాదు. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో మొదటి గుండెపోటు వచ్చే సగటు వయసు దక్షిణాసియావాళ్లలో 53, మిగతావాళ్లలో దాదాపు 59. ఏఎస్ గుణకం మనదగ్గర ఆ ముందుకు జరిగిన వయసు మీద పడుతుంది.

వాదనలు తక్కువున్న చోటు వ్యాయామం. నొప్పి వల్ల కదలరు, కదలకపోతే నొప్పీ పెరుగుతుంది గుండె బలమూ తగ్గుతుంది. నార్వే, స్వీడన్‌లలో వంద మంది రోగులతో మూడు నెలలు గట్టి వ్యాయామం చేయించిన ట్రయల్‌లో (2020లో అచ్చయింది) జబ్బు చురుకుదనం తగ్గి, గుండె, ఊపిరితిత్తుల సామర్థ్యం పెరిగింది. అంతకుముందు ఆయాసపడేంత వ్యాయామం చేస్తే జబ్బు రేగుతుందేమోనన్న భయం డాక్టర్లలోనూ ఉండేది. సిగరెట్ సంగతి ఇంకా తేలిక, అది ధమనులనూ చెడగొడుతుంది, వెన్నుపూసలు అతుక్కుపోవడాన్నీ వేగం చేస్తుంది.

## ఛాతీ నొప్పి వచ్చినప్పుడు ఏది ఏదో

ఏఎస్ ఛాతీని కూడా పట్టుకుంటుంది. పక్కటెముకలు వెన్నుతో, ముందువైపు రొమ్ము ఎముకతో కలిసే కీళ్లలో ఇన్‌ఫ్లమేషన్ వస్తే గట్టిగా ఊపిరి పీల్చినా, తుమ్మినా, పక్కకి తిరిగినా కలుక్కుమంటుంది, వేలితో నొక్కితే ఆ చోటు తెలుస్తుంది. గుండె నొప్పి సాధారణంగా బరువు పెట్టినట్టుంటుంది, మెట్లెక్కితే పెరుగుతుంది, చెమటలు పట్టొచ్చు, చేతికో దవడకో పాకొచ్చు.

పుస్తకంలో ఈ తేడా స్పష్టం. మనుషుల్లో అంత స్పష్టం కాదు. ఇరవై ఏళ్లుగా ఛాతీ నొప్పికి అలవాటు పడ్డ మనిషి యాభై ఐదో ఏట వచ్చిన అసలు నొప్పిని కూడా "ఇది నా వాతం నొప్పేలే" అని ఓ బిళ్ల వేసుకుని పడుకోవచ్చు. ఇటువైపు, ఇరవై ఏడేళ్ల కుర్రాడు ప్రతి కలుక్కుకీ ఎమర్జెన్సీకి పరిగెత్తి, ప్రతిసారీ నార్మల్ ఈసీజీతో తిరిగి రావొచ్చు. నొక్కితే నొప్పి పుడుతోంది కాబట్టి గుండె కాదని ఎమర్జెన్సీ డాక్టర్లు కూడా దానొక్కదాన్నిబట్టే తేల్చరు. ఈసీజీ తీస్తారు, ట్రోపోనిన్ రక్తపరీక్ష చేసి అవసరమైతే కొన్ని గంటల తేడాతో మళ్లీ చేస్తారు. ఒకవేళ ఆ ఈసీజీలో హార్ట్ బ్లాక్ కనబడితే, అది ధమని మూసుకుపోవడం వల్ల వచ్చిందా, లేక గుండె తీగలను ఏఎస్ స్వయంగా దెబ్బతీయడం వల్ల వచ్చిందా అన్నది అక్కడి నుంచి మొదలయ్యే ఇంకో వెతుకులాట. ఆ మనిషికి ఏఎస్ ఉందన్న సంగతి ఎదురుగా ఉన్న డాక్టర్‌కి తెలిస్తేనే ఆ ప్రశ్న పుడుతుంది.